జీతానికి తాకట్టు పడిన నడిగడ్డ

చరిత్ర అనగానే మనకు యుద్ధాలే స్ఫురిస్తాయి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఏ కోట ఎప్పుడు కూలింది అని వెదుకుతాం. యుద్ధం లేని రోజుల్లో సైనికునికి జీతం ఎవరిచ్చారన్న ప్రశ్న అరుదుగా వేస్తాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల గతం గురించి చదువుతున్నకొద్దీ నన్ను వెంటాడినది ఆ ప్రశ్నే.

1798లో నిజాం అలీఖాన్ తన కొలువులోని ఫ్రెంచి దళాన్ని రద్దుచేసి, ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని పోషించడానికి అంగీకరించాడు. ఆ ఖర్చు నిమిత్తం 1800లో బళ్ళారి, అనంతపురం, కడప సీమలను కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చినదే. అంతటితో తీరిందా అంటే లేదు. 1811 నుండి 1820 వరకు రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ కాలంలో మరొక సైన్యం రూపుదిద్దుకున్నది. అదే తరువాత హైదరాబాదు కాంటింజెంటుగా ప్రసిద్ధమైంది. జీతం నిజాముది, ఆజ్ఞ మాత్రం ఆంగ్లేయ అధికారులది. ఖజానా ఆ భారం మోయలేకపోయింది. పామర్ కంపెనీ వద్ద అప్పులు చేశారు, తరువాత ఈస్టిండియా కంపెనీకే బాకీ పడ్డారు.

1853 మే 21న ఆ బాకీ భూమి రూపం దాల్చింది. రెసిడెంటు కర్నల్ లో కుదిర్చిన ఒడంబడిక ప్రకారం బీరారు, ధారాశివ్, రాయచూరు అంతర్వేది కాంటింజెంటు జీతాల కోసం కంపెనీ చేతికి వెళ్ళాయి. కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ మరణించాడు. ఆ పదవి 24 ఏళ్ళ సాలార్‌జంగ్ మీద పడింది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేదికి తూర్పు కొసయే మన నడిగడ్డ. గద్వాల, ఆలంపురం అక్కడివే. కృష్ణకు ఉత్తరపు గట్టున వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలు నిజాం ఏలుబడిలోనే ఉండగా, అంతర్వేది ఆంగ్లేయుల పాలనలోకి పోయింది. గట్లు రెండింటా మాట్లాడేది తెలుగే, నడుమ మాత్రం ఒక సైన్యం జీతం గీసిన సరిహద్దు.

ఇక వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావుకు సొంత దళాలుండేవి. వాటిలోని ఆఫ్రికన్ అశ్వదళం తరువాత నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వారివల్ల వచ్చినదే. సంస్థానం దళాలు, నిజాం ఫౌజు, కాంటింజెంటు, కంపెనీ సైన్యం: ఇన్నింటికీ మూలధనం రైతు కట్టిన శిస్తే కదా!

1857 తిరుగుబాటులో హైదరాబాదు ఆంగ్లేయుల పక్షాన నిలిచింది. 1858లో కాంటింజెంటు దళాలు మధ్య భారతంలో తిరుగుబాటుదారులతో పోరాడాయి. అందుకు ప్రతిఫలంగా 1860లో రాయచూరు అంతర్వేది, ధారాశివ్ తిరిగి వచ్చాయి. సుమారు 50 లక్షల బాకీ రద్దయింది. బీరారు మాత్రం రాలేదు. దానికోసం సాలార్‌జంగ్ 1883లో కన్నుమూసే వరకు పెనుగులాడుతూనే ఉన్నాడు.

ఈ కథలో అసలు విచిత్రం ఆ తరువాత జరిగింది. 1902 నవంబరు 5న కర్జన్ ప్రభువు హయాంలో కుదిరిన ఒడంబడికతో బీరారు ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు పోయింది. మరుసటి ఏడే కాంటింజెంటు బ్రిటిషు భారత సైన్యంలో లీనమైంది. హింగోలి, మోమినాబాదు వంటి దండు విడుదులు ఖాళీ అయ్యాయి. సికిందరాబాదు దండు మాత్రం కదలలేదు. ఒకనాటి కాంటింజెంటు అశ్వదళమైన 20వ డెక్కన్ హార్స్ 1916లో ఫ్రాన్సు దేశపు సోమ్ రణభూమిలో కత్తి దూసింది. ఏ సైన్యం జీతానికై బీరారును తాకట్టు పెట్టారో ఆ సైన్యమే హైదరాబాదుది కాకుండా పోయింది, తాకట్టు మాత్రం విడవలేదు.

నడిగడ్డ ఏడేళ్ళకు విడుదల కావడం న్యాయం వల్ల కాదు, మరొకచోట మనవాళ్ళు చేసిన యుద్ధం వల్ల. దీన్ని అదృష్టమనాలో మరేమనాలో నాకు తోచదు. 1956లో గద్వాల, ఆలంపురం రాయచూరు జిల్లా నుండి మహబూబ్‌నగరు జిల్లాకు వచ్చాయి. 2016 నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలే. జోగులాంబ దర్శనానికి వెళ్ళే మిత్రులు బీచుపల్లి వద్ద కృష్ణ దాటేటప్పుడు, ఆ నది ఏడేళ్ళపాటు రెండు పాలనల నడుమ ఎల్లగా ఉండిందని ఒక్కసారి తలచుకోండి.