మిట్టాష్ ఇనుము

అమ్మోనియా ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసినవాణ్ని. కన్వర్టర్‌లో క్యాటలిస్ట్ నింపేటప్పుడు ఆ నల్లటి ముక్కల్ని చూసి, “వేడి వీటిలోంచేనా సార్ పుట్టేది?” అని కొత్త కుర్రాళ్లు అడిగేవారు. కాదు. ఒక మోల్ నైట్రోజన్ హైడ్రోజన్‌తో కలిసి అమ్మోనియాగా మారితే సుమారు 92 కిలోజౌళ్ల వేడి వస్తుంది. క్యాటలిస్ట్ ఉన్నా లేకున్నా ఆ లెక్క మారదు.

చిక్కంతా నైట్రోజన్ దగ్గరే. దాని త్రిబంధాన్ని విడగొట్టాలంటే మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. పోనీ బాగా కాలుద్దామంటే, వేడిని విడుదల చేసే చర్య కనుక, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పుట్టిన అమ్మోనియా మళ్లీ విడిపోతుంది. తక్కువ వేడిలోనే ఆ బంధాన్ని తెంపే దారి కావాలి.

1900లో ఆస్ట్‌వాల్డ్ అంతటి రసాయన శాస్త్రవేత్త ఇనుప తీగతో అమ్మోనియా తయారుచేశానన్నారు. ఆ అమ్మోనియా ఇనుములో ముందే ఉన్న నైట్రైడ్‌ది అని బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయన సంస్థలో కొత్తగా చేరిన కార్ల్ బోష్ తేల్చారు. 1909 జులై 2న జర్మనీలోని కార్ల్స్‌రూలో శాస్త్రవేత్త హేబర్, ఆస్మియం క్యాటలిస్ట్‌తో, తన సహాయకుడు లె రొసిన్యోల్ కట్టిన అధిక పీడన యంత్రంలో అమ్మోనియాను చుక్కలు చుక్కలుగా రాల్చి చూపించారు. మొదట ఒక బోల్టు దగ్గర లీకైంది. సరిచేసేలోగా, చూడటానికి వచ్చిన బోష్ వెళ్లిపోయారు. ఆగి కళ్లారా చూసినవారు ఆయనతో వచ్చిన సహోద్యోగి ఆల్విన్ మిట్టాష్.

ఆస్మియం మరీ అరుదైన లోహం. ఫ్యాక్టరీలు నడపడానికి చాలదు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన మిట్టాష్ చవకైన పదార్థం కోసం వెతకసాగారు. మామూలు ఇనుము పనికిరాలేదు. అదే ఏడాది స్వీడన్‌లోని గాల్లివారె మాగ్నటైట్ చక్కగా పనిచేసింది. మేలు చేసేది అందులోని మలినాలే అయి ఉంటాయని ఊహించి, తన బృందంతో వేల పరీక్షలు చేయించారు. చివరికి ఇనుములో కొద్దిగా అల్యూమినా, పొటాష్, సున్నం కలిపిన మిశ్రమం నిలిచింది. 1913లో బి.ఎ.ఎస్.ఎఫ్. వారి ఒపావు ఫ్యాక్టరీ దానితోనే నడిచింది. నేటికీ చాలా ప్లాంట్లలో ఉన్నది దాని సంతతే.

ప్లాంటు స్టార్టప్‌లో మేం హీటర్‌తో గ్యాసును వేడిచేసేవాళ్లం. చర్య అందుకున్నాక దాని వేడే లోపలికొచ్చే గ్యాసును కాచేది. హీటర్ ఆపేసేవాళ్లం. వేడి చర్యది, వేగం ఇనుముది అని కుర్రాళ్లకు అక్కడే చూపించేవాణ్ని.

నైట్రోజన్ అణువు ఇనుము ఉపరితలానికి అంటుకుని అక్కడే రెండుగా విడిపోతుందని, పొటాషియం అందుకు తోడ్పడుతుందని తరవాత శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్ట్‌ల్ నిరూపించారు. హేబర్‌కు 1918 నోబెల్, బోష్‌కు 1931లో, ఎర్ట్‌ల్‌కు 2007లో. 1953లో కన్నుమూసిన మిట్టాష్‌కు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. అది అన్యాయమే అంటాను.