వేట ఒకరిది, మోత ఒకరిది

కన్నప్ప కథలో అందరికీ గుర్తుండేది కళ్లు పెకలించి ఇవ్వడం. దానికి ముందు వచ్చే ఒక చిన్న వివరాన్ని మాత్రం మనం గబగబా దాటేస్తాం. తిన్నడు అడవిలో పందిని కొట్టాడు, కాల్చాడు, మంచి ముక్కలు ఏరి ఆకుదొప్పలో పెట్టుకున్నాడు. ఒక చేతిలో దొప్ప, ఇంకో చేతిలో విల్లు. శివుడి అభిషేకానికి నీళ్లు కావాలి, చేతులు ఖాళీ లేవు. పుక్కిట పట్టాడు. పూలు కావాలి, జుట్టులో తురుముకున్నాడు. తమిళ పెరియ పురాణంలోనూ, ఆ తర్వాత మన ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోనూ ఉన్న కథే ఇది. భక్తి సంగతి కాసేపు పక్కన పెడితే, తిన్నడిది మోత సమస్య. వేటగాడికి చేతులు రెండే. కొట్టినదాన్ని ఇంటికి చేర్చేదెలా?

వేట గురించి మన దగ్గర ఉన్న చరిత్ర ఈ ప్రశ్న జోలికి పెద్దగా పోదు. తుపాకీ దగ్గర మొదలై ఫొటో దగ్గర ముగుస్తుంది. జంతువు పడిన చోటికీ ఫొటో తీసిన చోటికీ మధ్య ఉన్న నాలుగైదు మైళ్ల అడవి అందులో ఉండదు. నిజానికి వేట ఎవరిదో తెలిసేది ఆ నాలుగైదు మైళ్లలోనే.

అమెరికాలో ఈ ప్రశ్నకి దొరికిన జవాబు ఒక సంచి. లాయిడ్ నెల్సన్ అనే ఆయన అలాస్కాలో స్థానిక ఆదివాసుల మోతచట్రాన్ని చూశాడు. కర్రల మీద సీల్ చర్మం బిగించి కట్టినది. దాన్నే కొయ్య చట్రం, కాన్వాసు గుడ్డతో మార్చి కట్టి 1924లో పేటెంటు తీసుకున్నాడు. అదే ‘ట్రాపర్ నెల్సన్’. చట్రం నుంచి సంచిని విడదీయొచ్చు, ఖాళీ చట్రానికి ఏదైనా కట్టొచ్చు. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రంతో సంచులు కుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. బరువు భుజాల మీద కాకుండా నడుం మీద కూర్చోవాలన్నది ఆయన పట్టిన కిటుకు.

ఇవాళ అక్కడ వేటగాళ్లు కొనే బ్యాక్‌ప్యాక్ ఈ రెండింటి సంతానమే. ఎంచుకునేటప్పుడు వాళ్లు ముందు చూసేది సంచి సైజు కాదు, చట్రం. చట్రానికీ సంచికీ మధ్య ఒక అరలాంటి ఖాళీ ఉంటుంది, మాంసం అక్కడ పడుతుంది. బరువు వెన్నుకి ఆనుకుని, రెక్కల ఎముకల ఎత్తున ఉండాలి. కిందికి జారితే మనిషిని వెనక్కి లాగేస్తుంది. మాంసాన్ని ప్లాస్టిక్‌లో కట్టరు, గాలాడే నూలు సంచుల్లో పెడతారు. వేడి లోపలే నిలిచిపోతే మాంసం చెడిపోతుంది. కొలత తీసుకునేది మనిషి ఎత్తుకి కాదు, మెడ కింది ఎముక నుంచి నడుం దాకా ఉండే వెన్ను పొడవుకి. ఇన్ని జాగ్రత్తలూ ఒక్క ఊహ మీద నిలబడ్డాయి. కాల్చినవాడే మోస్తాడన్న ఊహ.

ఆ ఊహ మన దగ్గర ఎందుకు పుట్టలేదు? జవాబు వెతకడానికి రాంగోపాల్‌పేట్ మంచి చోటు. ఇప్పుడు ఎం.జి. రోడ్ అని పిలుస్తున్న దారి అప్పట్లో జేమ్స్ స్ట్రీట్. దాని మీద గడియారంతో నిలబడ్డ పాత పోలీస్ స్టేషన్ భవనాన్ని కట్టించి ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్. పేటకి పేరు ఆయనదే. మూడో నిజాం సికందర్ జా పేరున 1806లో ఏర్పడ్డ సికింద్రాబాద్ కంటోన్మెంటుకి ఇది బజారు వైపు. తెల్ల అధికారులకి వేట సెలవుల కాలక్షేపం, నిజాం కొలువుకి వేట రాచమర్యాద. రెండూ కలిసిన ఊరిది. ఆ రెంటినీ గాజు పలకల మీదికి ఎక్కించిన మనిషి కూడా ఈ ఊళ్లోనే దుకాణం పెట్టాడు.

లాలా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. వరంగల్ దాకా రైలు పడిందీ ఆ ఏడాదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1894లో ఆయనకి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. మహబూబ్ అలీ ఖాన్ గురి పెద్ద పేరున్నది, ముప్పైకి పైగా పులుల్ని కొట్టాడని చెబుతారు. ‘తీస్ మార్ ఖాన్’ అన్న మాట ఆయన వల్లే పుట్టిందని హైదరాబాద్‌లో ఒక కథ కూడా ఉంది.

1902లో వైస్రాయ్ కర్జన్ వేటకి వచ్చాడు. వరంగల్ జిల్లాలో, రైలు దారి మీదే ఉన్న నెక్కొండ దగ్గర క్యాంపు. దీన్‌దయాళ్ తీసిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది. కర్జన్, ఆయన భార్య మేరీ, చచ్చిన పులి. ఫొటో కింద దొర పేరుంది, దొరసాని పేరుంది, ఊరి పేరూ ఉంది. పులిని అక్కడిదాకా తెచ్చినవాళ్ల పేర్లు లేవు.

ఎదిగిన మగపులి దాదాపు రెండువందల కిలోలు. కాళ్లు కట్టి వెదురు బొంగుకి వేలాడదీస్తే ఎనిమిది మంది పట్టినా తలా పాతిక కిలోలు, పైన బొంగు బరువు. చదును బాట మీద అది పెద్ద బరువు కాదు. ముళ్లకంపలో, వాగు గట్టు దిగుతూ, ముందున్నవాడి అడుగు వెనకవాడికి కనిపించని చోట మాత్రం భుజం ఒరుసుకుపోయే బరువు. పులివేటలు చాలావరకు ఎండాకాలంలోనే జరిగేవి. ఆకు రాలి చూపు ఆనుతుంది, నీళ్లు ఎండిపోయి మిగిలిన మడుగుల దగ్గరికి జంతువులు చేరతాయి. అంటే దక్కన్ ఎండలో మోత. అదీ త్వరగా జరగాలి, ఆలస్యమైతే చర్మం మీద వెంట్రుక ఊడిపోతుంది.

మోసేవాళ్లు అప్పటికే అలిసిపోయి ఉండేవాళ్లు కూడా. ఎర దున్నపిల్లని కట్టింది వాళ్లే, మంచె కట్టింది వాళ్లే. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ పులిని మంచె వైపు తోలే ‘హాకా’ కొట్టిందీ వాళ్లే. పులి వెనక్కి తిరిగిందా, ముందు ఎదురుపడేది తుపాకీ లేని ఈ మనుషులకే.

జింక వేట అయితే ఇంకో పని ఉండేది. ముస్లిం కొలువులో మాంసం హలాల్ కావాలంటే ప్రాణం పోకముందే గొంతు కోయాలి. కాబట్టి గుండు తగలగానే కత్తి పట్టుకుని పరిగెత్తేవాడొకడు ఉండాలి. తర్వాత కడుపు చీల్చి పేగులు తీసేవాడు, నీడలో వేలాడదీసేవాడు, క్యాంపు వంటశాలకి మోసేవాడు. ఎదిగిన చుక్కల దుప్పి డెబ్భై ఎనభై కిలోలు ఉంటుంది. ఒక్క దుప్పి చుట్టూ ఇన్ని చేతులు.

ఈ చేతులు ఎక్కడి నుంచి వచ్చాయి? తెలంగాణ చరిత్ర చదివినవాళ్లకి ‘వెట్టి’ అన్న మాట కొత్త కాదు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఏ కులం ఏ చాకిరీ చేయాలో వివరంగా ఉంటుంది. దొరల మేనాలు మోసేది బోయ, బెస్త, చాకలి కులాలవాళ్లు. మాదిగ ఇళ్ల నుంచి కబుర్లు మోయడానికీ ఇంకా నానా పనులకీ మనిషి రావాల్సిందే. అధికారి ఊళ్లోకి దిగితే సామాను మోసేది కూడా ఊరే. వేటకి వచ్చిన దొర కూడా ఊళ్లోకి దిగిన దొరే కదా. పెద్ద వేటల్లో కూలి ముట్టేది కావచ్చు. ముట్టినా ముట్టకపోయినా, పటేలు కబురు పెడితే రానని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

సంచి మన దగ్గర ఎందుకు పుట్టలేదో ఇక్కడ తెలుస్తుంది. తుపాకులు మారాయి, డేరాలు మారాయి, క్యాంపుకి రైలు కూడా వచ్చింది. మారనిది వెదురు బొంగూ దాని కింది భుజమే. భుజాలు అగ్గువగా దొరికే చోట చట్రం గురించి, నడుం పట్టీ గురించి ఎవరు బుర్ర బద్దలుకొట్టుకుంటారు? ఇది తూర్పు పడమరల తేడా కూడా కాదు. స్కాట్లండ్ ఎస్టేటుల్లో కొట్టిన దుప్పిని దించింది నౌకర్లూ పొట్టి గుర్రాలూ. తనకంటూ నౌకరు లేనివాడు వేటకి వెళ్లిన చోటే మోత గురించి ఆలోచన పుట్టింది. ఆ ఆలోచనకి మొదటి నమూనా అలాస్కా ఆదివాసులది కావడం యాదృచ్ఛికం కాదు.

అలాగని మన నేల మీద తెలివైన మోత లేదనుకుంటే పొరపాటే. కావడిని చూడండి. రెండు వైపులా సమానంగా బరువు, మధ్యలో వంగే వెదురు బద్ద. నడకకి తగ్గట్టు బద్ద ఊగితే భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. కావడి మోసేవాళ్లు ఒక లయలో పరుగులాంటి నడక నడిచేది అందుకే.

బరువుని ఎలా మోయాలి అనే కాదు, ఎలా తగ్గించాలి అన్నదానికీ ఇక్కడ జవాబులున్నాయి. ఒకటి ఎండ. మాంసాన్ని సన్నటి పేలికలుగా కోసి, ఉప్పు రాసి, తీగ మీద ఆరేస్తే నీరంతా పోతుంది. బరువు సగం కంటే బాగా తగ్గుతుంది, నెలల తరబడి నిల్వ ఉంటుంది. తెలంగాణ ఊళ్లలో ఒట్టి తునకలు అనేది వీటినే. వండుకునే పదార్థంగా మనకి తెలిసిన తునక, మోత లెక్కలో చూస్తే ఒక రవాణా ఉపాయం.

రెండోది పంపకం. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. చెంచులు విల్లంబులతో వేటాడేవాళ్లే అయినా రోజూ కడుపు నింపేది గడ్డలూ కాయలేనని అందులో రాశాడు. వేట దొరికిన రోజున మాంసం కొట్టినవాడి ఒక్కడి సొత్తు కాదు, గూడెంలో ఇల్లిల్లూ పంచుకునేది. పంచుకునే చోట ఎవరి వాటా వాళ్ల చేతికి వస్తుంది, మొత్తం బరువు ఎవరి ఒక్కరి నెత్తినా పడదు. ఎవరు తింటారు అన్నదానికీ ఎవరు మోస్తారు అన్నదానికీ అక్కడ ఒకటే జవాబు. నెక్కొండ క్యాంపులో అవి రెండు వేరు వేరు జవాబులు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట నేరమైంది. ఎం.జి. రోడ్ మీద ఇవాళ బ్యాక్‌ప్యాక్ కొనేవాడు ల్యాప్‌టాప్‌కో అనంతగిరి ట్రెక్కుకో కొంటాడు. నడుం పట్టీ ఉంటే చాలామంది కట్టుకోరు, అది దేనికో తెలియదు. చట్టం తుపాకీని ఆపింది కానీ మోతని ఆపలేదు. పక్కనే ఉన్న రాణిగంజ్‌లో హమాలీలు ఇప్పటికీ ఇనుప సామాను మోస్తున్నారు. మోయడం అన్న అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరది. సికింద్రాబాద్‌లో వాళ్ల పేరున హమాల్‌బస్తీ కూడా ఉంది. వీపుకి ఆనే చట్రం వందేళ్ల కిందటి వస్తువు, అయినా వాళ్ల వీపు మీదికి ఇంకా రాలేదు. తలకి చుట్టిన గుడ్డ, భుజం మీద తుండు, అంతే.

దీన్‌దయాళ్ గాజు పలకలు చాలావరకు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఎప్పుడైనా ఆ వేట ఫొటోలు ఎదురైతే మధ్యలో నిలబడ్డవాళ్లని కాసేపు వదిలేయండి. ముందు పులి కాళ్ల దగ్గర చూడండి, తాడు ఒరిపిడి గుర్తేమైనా ఉందేమో. తర్వాత అంచుల వైపు చూడండి, బొంగు పట్టుకుని పక్కకి జరిగిన మనిషి ఎవరైనా చట్రంలో మిగిలిపోయాడేమో.