ఆనవాలు రాస్తేనే బేరగాడు

రేపల్లెకు దిగువన ఉన్న నిజాంపట్నం ఇవాళ చేపల రేవు. ఐరోపా వర్తకులు ఒకప్పుడు దాన్ని పెటపోలి అనేవారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' కూడా అక్కడికి వచ్చింది. ఆ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్ అంతకుముందు డచ్చి కొలువులో ఇదే తీరాన పనిచేసినవాళ్లు. ఇక్కడ ఏం దొరుకుతుందో తెలిసే వచ్చారు. మిరియాలు, లవంగాలు పండే తూర్పు దీవుల్లో వెండికన్నా మన రంగు గుడ్డలకే గిరాకీ ఎక్కువగా ఉండేది. ఆ గుడ్డ ఎరుపుకు మూలం చిరివేరు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పటిక అద్ది, చిరివేరు నీళ్లలో ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు అంటుకుంటుంది, ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. మచిలీపట్నంలో పనిచేసిన విలియం మెథ్వోల్డ్ ఈ సీమ గురించి రాసిన వృత్తాంతం 1626లో లండన్‌లో అచ్చయింది. అందులో ఈ వేరు ప్రస్తావన ఉంది. డచ్చి ఉద్యోగి ఆంథోనీ షోరర్ కూడా తీరంలోని సరుకుల గురించి తన కంపెనీకి రాసిపెట్టాడు. నా దృష్టిలో మన ప్రాంతానికి తొలి వర్తక డైరెక్టరీలు ఇవే. వాటిలో బరువంతా సరుకు ఆనవాలుదే, అమ్మేవాడి పేరు తర్వాతి మాట.

అవి కంపెనీల సొంత కాగితాలు, అందరికీ అందేవి కావు కదా అనవచ్చు. షోరర్ రాత విషయంలో అది నిజమే, మెథ్వోల్డ్‌ది మాత్రం అచ్చు పుస్తకం. దుబాసీ, దళారీ ఉండగా రాత ఎందుకన్న ప్రశ్న ఇంకా గట్టిది. దళారీకి అన్నీ తెలుసు, కానీ ఆ తెలివి అతనితోనే ఉండిపోతుంది, దాని ధర కమీషన్‌లో కలుస్తుంది. రాత సముద్రం దాటి, అసలు అవసరం ఉన్నవాడినే వెతుక్కుంటుంది. కలకత్తా నుంచి వచ్చిన థాకర్స్ ఇండియన్ డైరెక్టరీ మొదలు 1996లో పుట్టిన ఇండియామార్ట్ దాకా పట్టికలు పెరిగాయి. కానీ వాటిలో పేరూ ఊరూ మాత్రమే చూసి ఫోన్ చేసేవాడు ధర అడిగి ఊరుకుంటాడు.

సరుకు ఆనవాలు తెలిస్తే బేరం ఎలా మారుతుందో చెప్పడానికి బాపట్ల మంచి సాక్ష్యం. అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, విడుదలైంది. బీపీటీ అన్న మూడక్షరాలు బాపట్లవే. ఊరు చూడని వ్యాపారి కూడా ఆ పేరుతోనే బియ్యం అడుగుతాడు. అయితే నాణ్యమైన సరుకు రాయకపోయినా అమ్ముడవుతుందిగా అంటారు. అమ్ముడవుతుంది, తెలిసినవాళ్ల మధ్య. బీపీటీ అని రాసి ఉన్నచోట మాత్రం తెలియనివాడికి కూడా గింజ సన్నమన్న సంగతి ముందే తెలుస్తుంది. ఆ తర్వాత పచ్చిదా స్టీమా, నూకెంత, ఎన్ని నెలల పాతదన్నవే మిగిలిన బేరం.

తెనాలి మినపగుళ్ల మిల్లులు డైరెక్టరీకెక్కేటప్పుడు ఈ తీరునే పట్టుకోవాలి. చిరునామా కింద తేమ శాతం, మిగిలిన పొట్టు, మాగాణి మినుమా కాదా, కిలో గుళ్లకు పిండి ఎంత ఒదుగుతుందో రాస్తే, వందల ఇడ్లీలు వేసే హోటల్ యజమాని ఫోన్ చేసి అడిగేది ఎన్ని బస్తాలు, ఎప్పటికి అనే.