ద్విజత్వానికి కొత్త అన్వయం

క్రైస్తవ విశ్వాసానికీ స్వదేశ సంస్కృతికీ నడుమ తలెత్తిన సంఘర్షణకు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ జీవితం ప్రబల నిదర్శనం. 1861లో బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఆయన తొలి పేరు భవానీచరణ్ బందోపాధ్యాయ. బ్రహ్మసమాజం మీదుగా సాగిన అన్వేషణ 1891లో ఆయనను క్రైస్తవానికీ, అదే సంవత్సరం కథోలిక శ్రీసభకూ చేర్చింది.

ఆనాడు మతం మారడమంటే చాలామంది దృష్టిలో వేషం, ఆహారం, ఆచారం కూడా మారడమే. ఉపాధ్యాయ దీనిని అంగీకరించలేదు. 1894లో కాషాయం ధరించారు. పుట్టుకచేత తాము హిందువులమనీ, జ్ఞానస్నానమనే రెండవ జన్మచేత కథోలికులమనీ 1898లో వాదించారు. ‘ద్విజ’ శబ్దానికి ఆయన కల్పించిన అన్వయమిది. త్రిత్వాన్ని సచ్చిదానందంగా స్తుతిస్తూ సంస్కృతంలో కీర్తన రచించారు. 1899లో నర్మదా తీరాన జబ్బల్‌పూర్‌లో స్థాపించిన మఠం మాత్రం శ్రీసభ అధికారుల అభ్యంతరంతో నిలిచిపోయింది.

అనంతరం ఆయన స్వదేశీ ఉద్యమం వైపు మళ్ళారు. ‘సంధ్య’ పత్రికలోని రచనలకు 1907లో రాజద్రోహ నేరం మోపబడింది. ఆ ఏడే ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. అది విశ్వాస పరిత్యాగమా, సంఘనియమ పాలన మాత్రమేనా అన్న చర్చ నేటికీ ముగియలేదు. విచారణ పూర్తికాకుండానే, అక్టోబరు 27న కలకత్తా ఆసుపత్రిలో కన్నుమూశారు. అంత్యక్రియలు హిందూ సంప్రదాయానుసారం జరిగాయి.

రెండవ వాటికన్ మహాసభ అనంతరం, 1969లో పాదరక్షలు విడవడం, హారతి వంటి భారతీయ ఆచారాలను ఆరాధనలో పాటించడానికి రోమ్ అనుమతించింది. ఆయన సంస్కృత కీర్తన నేడు దేవాలయాలలో వినిపిస్తోంది. ఆయన మఠాన్ని సహించలేని శ్రీసభ, ఆయన మార్గాన్ని గుర్తించడానికి ఏడు దశాబ్దాలు పట్టింది.