నిర్ణయ విశ్వసనీయత (మనోవైజ్ఞానిక పరీక్షలు)

మనోవైజ్ఞానిక పరీక్షలో వచ్చిన స్కోరు ఆధారంగా ఒక వ్యక్తిని ఉత్తీర్ణుడిగానో అనుత్తీర్ణుడిగానో, అర్హుడిగానో అనర్హుడిగానో వర్గీకరించినప్పుడు, ఆ తీర్పు ఎంత నిలకడగా ఉంటుందో తెలిపే కొలమానమే నిర్ణయ విశ్వసనీయత. స్కోరు విశ్వసనీయత, నిర్ణయ విశ్వసనీయత ఒకటి కావు. కటాఫ్‌కు చాలా దూరంలో ఉన్నవారి స్కోరు కాస్త మారినా తీర్పు మారదు. కటాఫ్ దగ్గర ఉన్నవారికి ఒక్క మార్కు తేడా కూడా ఫలితాన్ని తారుమారు చేయవచ్చు.

కొలిచే విధానం: ఒకే బృందానికి రెండు సమాన పరీక్షలు పెట్టి, రెండింటిలోనూ ఒకే తీర్పు వచ్చినవారి నిష్పత్తిని లెక్కిస్తారు. ఉదాహరణకు 100 మందిలో 50 మంది రెండుసార్లూ ఉత్తీర్ణులై, 30 మంది రెండుసార్లూ తప్పి, మిగిలిన 20 మంది తీర్పు చెరి పదిమంది చొప్పున అటూ ఇటూ మారితే ఏకీభావం 0.80. యాదృచ్ఛికంగానే 0.52 రావచ్చు. ఆ భాగాన్ని తీసివేసి లెక్కించే కప్పా గుణకం (జేకబ్ కోహెన్, 1960) విలువ ఇక్కడ సుమారు 0.58. ఒకే పరీక్షతో నిర్ణయ విశ్వసనీయతను అంచనా వేసే పద్ధతిని 1976లో హుయిన్ ప్రతిపాదించాడు.

ప్రాముఖ్యం: ప్రామాణిక విచలనం 15, విశ్వసనీయత 0.96 ఉన్న ప్రజ్ఞా పరీక్షలోనూ ప్రామాణిక దోషం 3 పాయింట్లు. 2014లో హాల్ వర్సెస్ ఫ్లోరిడా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, మరణశిక్ష నుంచి మినహాయింపుకు మేధో వైకల్యాన్ని నిర్ధారించేటప్పుడు ఈ దోషాన్ని పట్టించుకోకుండా 70 స్కోరునే కచ్చితమైన గీతగా తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఒక మనిషి ప్రాణం ఆ కొద్దిపాటి పాయింట్ల మీద ఆధారపడకూడదు. అందుకే కీలక నిర్ణయాలకు స్కోరుతో పాటు ఇతర ఆధారాలనూ తప్పక పరిశీలించాలి.