సంకలనం

పలువురి కవితలు, కథలు, వ్యాసాలు వంటివి ఏరి, ఒక వరసలో కూర్చిన పుస్తకాన్ని తెలుగులో సంకలనం అంటారు. బడి లెక్కల్లో కూడికకూ ఇదే పేరు. సాహిత్యంలో మాత్రం కూడటం కన్నా ఏరడమే అసలు పని. ఏది చేరాలో, ఏది ఆగాలో తేల్చవలసినవాడు సంపాదకుడు. ఒకే కవి లేదా కథకుడి రచనలతో వచ్చే పుస్తకం సాధారణంగా సంపుటి. ఒకరి రచనలన్నీ చేరితే సర్వస్వం, సమగ్ర సాహిత్యం అంటారు. ఈ తేడాలను అందరూ కచ్చితంగా పాటించరు. మనసు ఫౌండేషన్ గురజాడ రచనలన్నిటినీ 2012లో ఒకచోట చేర్చి, ‘సర్వలభ్య రచనల సంకలనం’ అంది. దొరికినంత మేరకు అన్నీ ఇచ్చామనే ఈ మాట ‘సంపూర్ణం’ కన్నా నిజాయితీ గలది.

తెలుగు నేలతో సంబంధమున్న పాత సంకలనాల్లో పేరెన్నికగన్నది ప్రాకృతంలో ఉంది. శాతవాహన రాజు హాలుడి పేరు మీద నిలిచిన గాథాసప్తశతి, కోటి గాథల్లోంచి ఏడువందలు ఏరినట్టు తానే చెప్పుకుంటుంది. కోటి అతిశయోక్తే అయినా, ఏరికను గొప్పగా చెప్పుకోవడం అప్పటికే ఉంది. సంస్కృతంలో ఇలాంటి కూర్పులకు కోశమనే పేరుంది. విద్యాకరుడి సుభాషితరత్నకోశం ప్రసిద్ధం.

తెలుగులో 15వ శతాబ్దపు మడికి సింగన సకలనీతి సమ్మతం కూర్చాడు. రాజనీతి, లోకనీతి పద్యాలను పూర్వ గ్రంథాల నుంచి ఏరి, విషయాల వారీగా అమర్చాడు. ఆ గ్రంథాల్లో కొన్ని తర్వాత కనుమరుగయ్యాయి. క్షేమేంద్రుడి ముద్రామాత్యం గురించి మనకు తెలిసిందంతా సింగన ఎత్తి రాసుకున్న పద్యాల వల్లనే. పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరమూ ఇలాంటి మేలే చేసింది. ఒకరు తమకు నచ్చి రాసిపెట్టుకున్న నాలుగు పద్యాలు ఒక కవి ఉనికికి ఏకైక సాక్ష్యంగా మిగలడం మన సాహిత్య చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ విలువ బాగా ఎరిగినవాడు వేటూరి ప్రభాకరశాస్త్రి. తాళపత్రాల్లోనూ జనం నోళ్లలోనూ చెదిరి ఉన్న చాటువులను చాటుపద్య మణిమంజరిగా, అలభ్య కావ్యాల పద్యాలను ప్రబంధరత్నావళిగా (1918) అందించాడు.

అచ్చు, పత్రికలు వచ్చాక సంకలనం వాదనకూ పనికొచ్చింది. తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు బదులుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అందులో 354 మంది కవులున్నారు. పేరులో సంచిక అని ఉన్నా అది సంకలనమే. కవులే లేరన్న మాటకు అంతకన్నా సూటి జవాబు మరొకటి ఉండదు. మరుసటి ఏడాది ముద్దుకృష్ణ వైతాళికులు వెలువరించాడు. భావకవుల తరాన్ని ఒక్క పుస్తకంలో చూపిన ఆ సంకలనం దశాబ్దాల పాటు కొత్త కవిత్వానికి తొలి పరిచయంగా నిలిచింది.

1990ల్లో స్త్రీవాద కవిత్వానికి నీలిమేఘాలు, దళిత కవిత్వానికి చిక్కనవుతున్న పాట అలాంటి పరిచయంగా నిలిచాయి. విడివిడిగా పత్రికల్లో పడ్డప్పుడు ఒక్కొక్కరి గొంతుగా వినిపించిన కవితలు, పక్కపక్కన చేరాక ఉద్యమంగా కనబడ్డాయి. కథకు ఇలాంటి వేదిక కథాసాహితి. అది 1990 నుంచి ఏటా ఆ సంవత్సరపు కథల్లోంచి కొన్నిటిని ఎంచి ‘కథ’ పేరుతో ప్రచురిస్తూ వచ్చింది. ఏ కథ చేరింది, ఏది చేరలేదన్న చర్చ కూడా ఆ పుస్తకాల వెంటే సాగింది.