సమర్థురాలి చరిత్రలో చోటులేని స్త్రీలు

పల్నాటి కథలో మాచర్ల మలిదేవరాజు, బ్రహ్మనాయుళ్లది. గురజాల నలగామరాజు, ఆయన మంత్రి నాగమ్మలది. పన్నెండో శతాబ్దపు ఆ దాయాదుల పోరుకు మాచర్ల పక్షం నాగమ్మనే బాధ్యురాలిని చేసింది. కోడిపందెంలో ఓడి మాచర్ల వారు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవడం ఆమె పన్నాగమేనని కథ చెబుతుంది. స్త్రీల చరిత్రను వెతికే తరం వచ్చాక అదే నాగమ్మ రాజనీతి తెలిసిన పాలకురాలిగా కనిపించింది. ఈ దిద్దుబాటు అవసరమే. కానీ మగవాడు చేయగలిగింది ఆడదీ చేయగలదని రుజువు చేయడమే దాని కొలబద్ద అయింది. మంత్రాంగం నడపలేని, పొలానికి పోలేని స్త్రీ ఆ కొలబద్దకు ఆనదు.

తెలుగునాట స్త్రీవాద పరిశోధన 1980లలో నిలదొక్కుకుంది. 1985లో హైదరాబాదులో అన్వేషి సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' ద్వారా తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే అచ్చులోకి తెచ్చింది. 1993 నాటి 'నీలిమేఘాలు' సంకలనంతో స్త్రీవాద కవిత్వానికి ఒక నిండు రూపం వచ్చింది. ఆడదాని శరీరం ఆ కవిత్వానికి కేంద్రం. ఆ శరీరం ఏ కులానిదని దళిత స్త్రీలు నిలదీశారు. దానికి వైకల్యం ఉంటే ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆలస్యంగా వచ్చింది.

పాశ్చాత్య దేశాల్లోనూ ఇంతే. 1988లో అమెరికాలో మిషెల్ ఫైన్, ఏడ్రియన్ ఆష్ వైకల్యం ఉన్న స్త్రీల గురించి ఒక సంకలనం తెచ్చి స్త్రీవాదుల మౌనాన్ని ఎత్తిచూపారు. 1991లో బ్రిటన్‌లో జెన్నీ మోరిస్ ఇంకా సూటిగా తప్పుపట్టారు. ఇంట్లో సేవలు చేసే స్త్రీల చాకిరీని స్త్రీవాదులు లెక్కగట్టారు, సేవలు అందుకునే మనిషిని భారంగా రాసి ఊరుకున్నారని ఆమె ఫిర్యాదు. మంచాన పడ్డ అత్త గురించి కోడల్ని మాత్రమే అడిగి వెళ్లిపోవడం లాంటిదే ఇది. ఆ అత్త కూడా స్త్రీయే. శరీర సామర్థ్యంతో మనిషి విలువ కట్టే ఈ చూపునే ఏబులిజం అంటున్నారు.

మన దేశంలో ఈ చిక్కు 1994లో బయటపడింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ హాస్టల్‌లో ఉంటున్న మానసిక వైకల్యం ఉన్న యువతులకు, నెలసరి శుభ్రత పేరు చెప్పి, పుణెలో గర్భసంచులు తొలగించారు. మహిళా సంఘాలు గట్టిగా ఎదిరించాయి. అదే ఏడాది, ఆ సంఘాలు ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా, గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే చట్టం వచ్చింది. పిండంలో లోపాలు కనిపెట్టే పరీక్షలను ఆ చట్టమే అనుమతించింది. ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించడం అన్యాయమైతే, వైకల్యం ఉందని తీయించడం సహజమెలా అయింది? గర్భస్రావ హక్కును వదులుకోకుండానే అనితా ఘాయ్ వంటి పరిశోధకులు ఈ ప్రశ్న వేశారు. ఘాయ్ స్వయంగా వైకల్యం ఉన్న స్త్రీ. తేలిక జవాబు లేకపోయినా, స్త్రీవాదం దాటవేయకూడని ప్రశ్న అది.

హైదరాబాదుకు చెందిన కల్పన కన్నబిరాన్ 2012లో వెలువడిన తన గ్రంథంలో కుల, లింగ వివక్షలతో పాటు వైకల్యాన్నీ రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వం కిందికి తెచ్చి చర్చించారు. 1995 వికలాంగుల చట్టంలో స్త్రీలకు ప్రత్యేక సెక్షన్ లేదు. 2016 చట్టంలో నాలుగో సెక్షన్ వైకల్యం ఉన్న స్త్రీలు, పిల్లల కోసం వచ్చింది. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యం ఉన్నవారిని లెక్కించింది. వారిలో స్త్రీలు 1.18 కోట్లు.

పల్నాడులో స్త్రీల పని అనగానే మిరప కోతల కూలీలు గుర్తుకొస్తారు. పోలియోతో కాలు చచ్చుబడి, పొలానికి పోలేక అరుగు మీద కూర్చుని కాయల తొడిమలు తీస్తూ అక్క పిల్లల్ని పెంచే చెల్లెలు కూడా పనిచేస్తున్నదే. సర్వేకు వెళ్లినవారు ఆమె గడిలో 'పని లేదు' అని రాసుకుంటే ఆ తప్పు పరిశోధనదే. నాగమ్మకు న్యాయం చేయాలని మాచర్ల, గురజాల వెళ్లే పరిశోధకులు ఆ చెల్లెలి మాట కూడా ఆమె నోటనే విని రాయాలి. అప్పుడే అది స్త్రీలందరి చరిత్ర అవుతుంది.